ఒక్కో రైతు నుంచి నాలుగున్నర అక్షరాలు

కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు విడిచి పోవాల్సిన రోజులవి. మనుషులకు ఫ్యాను, దానికి ఏసీ. నంద్యాలలో మా విత్తనాల ఆఫీసులో ఆ గదికి ముదురు నీలం పరదా, తలుపు మీద "అనుమతి లేనిదే రారాదు" అన్న బోర్డు ఉండేవి. ఆ అనుమతి ఇద్దరికే ఉండేది. ఒకరు మా మేనేజరు, ఆయన ఎప్పుడూ రాడు. రెండో మనిషిని నేను. 1990 జూన్ 18, సోమవారం, ఉదయం పదింటికి ఆ గదిలో మొదటిసారి కూర్చున్నాను. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళా రెండు నెలలు. (తేదీలు నాకు బాగా గుర్తుంటాయి. మొహాల విషయంలో ఆ మాట చెప్పలేను.) ఈ కాలంలో బస్సుల్లో పిల్లలు జీబీలు అయిపోయాయని, మళ్ళీ వేయించుకోవాలని మంచినీళ్ళ సంగతి మాట్లాడినట్టు మాట్లాడుకుంటుంటే వింటూ ఉంటాను. మా రోజుల్లో ఒక్కో అక్షరానికీ లెక్క ఉండేది. ఆ లెక్క తప్పుగా వేసి, మనుషులనే తారుమారు చేసిన దాన్ని కాబట్టి ఆ సంగతి చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

ఉద్యోగం ఆరు నెలలు తాత్కాలికం. డిసెంబరు 17న ఖాయం చేస్తారు, లేదా ఇంటికి పొమ్మంటారు. ఇల్లు అంటే ఆళ్ళగడ్డలో మా అన్న ఇల్లు. అమ్మా నాయనా పోయాక నా మంచం ఆ ఇంట్లో హాలుకూ వంటింటికీ మధ్య నడవాలో పడింది. రాత్రి నీళ్ళకు లేచిన ప్రతివాళ్ళూ దానికి కాలు తగిలించుకొని నన్నొక మాట అనేవాళ్ళు. వాళ్ళను తప్పు పట్టను, నడవా వెడల్పు నాలుగడుగులు, మంచం రెండున్నర. నంద్యాలలో నేను అద్దెకు తీసుకున్న గది పదడుగులకు ఎనిమిది, దానికి నేనే కొన్న తాళం. పుట్టాక మొదటిసారి నా మంచం ఎవరి దారికీ అడ్డం లేదు. ఉద్యోగం పోతే ఆ తాళం కూడా పోతుంది. నా భయమంతా అంతే.

మాకు కంప్యూటరు నేర్పడానికి కర్నూలు నుంచి ఒకాయన రెండు రోజులు వచ్చాడు. నంద్యాల ఎండలో మెడకు టై బిగించుకొని తిరిగే మనిషిని అంతకు ముందు మేము చూడలేదు, అందుకని ఆఫీసంతా ఆయనను టై సారు అనేది. ఆయన బోర్డు మీద ఎనిమిది దీపాలు గీశాడు. ఒక దీపం వెలగడమో ఆరడమో ఒక బిట్ అన్నాడు. ఎనిమిది బిట్లు ఒక బైట్, ఒక ఇంగ్లీషు అక్షరం పట్టడానికి ఒక బైట్ చాలు అన్నాడు. అంతవరకు నాకు హాయిగానే ఉంది, నాలుగు పావులు ఒక సేరు అన్నట్టే గదా అనుకున్నాను. 1024 బైట్లు ఒక కిలోబైట్ అనగానే నా చెయ్యి దానంతట అదే లేచింది.

"సార్, కిలో అంటే వెయ్యి గదా. ఇరవై నాలుగు ఎందుకు ఎక్కువ?"

"అది అంతేనమ్మా."

"అంతే అంటే ఎట్ల సార్. చక్కెర కిలో అయితే వెయ్యి గ్రాములే ఇస్తారు."

వెనక బెంచీ నుంచి మా స్టోరు చూసే అన్న, "కొసరనుకో పాపా. వంకాయలు తూచినాక ఒకటి పైన ఎయ్యరా, అట్ల ఇరవై నాలుగు ఏసినారు" అన్నాడు. గదంతా నవ్వింది. టై సారు కూడా నవ్వి, "రెండును పదిసార్లు వేసుకొని గుణించి చూడు, నీకే తెలుస్తుంది" అన్నాడు. అరచేతి మీద పెన్నుతో వేశాను. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు... పదో మెట్టు మీద సరిగ్గా 1024 వచ్చి నిలబడింది. వెలగడం, ఆరడం అని రెండే తెలిసిన దానికి రెట్టింపులు తప్ప వేరే లెక్క రాదు. వెయ్యి దగ్గర ఆగలేక, పక్కనే ఉన్న 1024 దగ్గర ఆగి దాన్నే కిలో అంటోంది. న్యాయంగానే అనిపించింది.

తరువాత ఫ్లాపీ చూపించాడు. అట్ట కవరులో అప్పడమంత నల్లటి రేకు. దీనిలో 360 కిలోబైట్లు పడతాయి అన్నాడు. అంటే 3,68,640 బైట్లు. మిషనులో పెట్టి చూస్తే తెర మీద 3,62,496 అని పడింది. నా చెయ్యి మళ్ళీ లేచింది.

"సార్, 6,144 తక్కువున్నాయి. యాడికి పోయినాయి?"

ఈసారి టై సారు నవ్వలేదు. నన్ను కాసేపు చూసి, తెరను కాసేపు చూసి, "ఇన్ని ఊళ్ళలో నేర్పినా, ఈ మాట ఎవరూ అడగలేదు" అన్నాడు. పుస్తకంలో ముందు పేజీలు విషయ సూచికకు పోయినట్టు, ఏది ఎక్కడ ఉందో రాసుకోవడానికి ఫ్లాపీ తన కోసం ఆరు కిలోబైట్లు ఉంచుకుంటుందట. ఆరును 1024తో హెచ్చవేసి చూశాను. 6,144. అంత కచ్చితంగా సరిపోయిన జవాబు నాకు అప్పటివరకు ఏ మనిషీ ఇచ్చి ఉండలేదు. "ఇంకేమైనా ఉందా?" అంటూ ఆయన గడియారం చూసుకున్నాడు. ఇంకొకటి ఉంది. రెండు మాటల మధ్య వదిలే ఖాళీకి కూడా బైట్ పడుతుందా అని. అప్పటికే రెండుసార్లు లేచిన చెయ్యి, మూడోసారి లేపితే బాగుండదని ఊరుకున్నాను. అయినా ఇందులో అడిగేది ఏముంది, కాయితం మీద ఖాళీకి సిరా పట్టదు గదా అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

ఆ తరువాత నేనూ, ఆ గదీ. పొద్దున పదింటికి చెప్పులు విడిచి లోపలికి పోతే సాయంత్రం అయిదుంబావుకు బయటికి వచ్చేదాన్ని. లోపల ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. బయట అందరూ కలిసి టీ తాగుతారు, పరదా కింద వాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి. పిలిస్తే పోదామని కూర్చునేదాన్ని. ఏసీ గదిలో ఉన్న మనిషికి మన టీ ఏం పడుతుందిలే అని వాళ్ళనుకునేవాళ్ళట, చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఆగస్టులో ఒక రోజు నేను మాట్లాడిన మాటలన్నీ రాసి చూసుకున్నాను. హోటల్లో "ఒక ప్లేటు", "చాలు", "చిల్లర లేదు", ఆఫీసులో "నమస్తే సార్", "అయింది సార్", ఇంటి ఓనరమ్మతో "బోరు నీళ్ళు వస్తాండాయా"... అన్నీ కలిపి 140 బైట్లు. ఆ లెక్కన ఒక్క ఫ్లాపీలో నా మాటలు ఏడేళ్ళా ముప్పై నాలుగు రోజులు పడతాయి. (లీపు సంవత్సరాలు వదిలేసి.) ఆ రోజు నాకు అది మంచి తమాషాగా తోచింది. చెప్పి నవ్వించడానికి ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాను కూడా.

నా పని రైతుల పట్టిక. శనగ విత్తనాలకు పేరు రాయించుకున్న రైతులు 4,800 మంది. ఒక్కొక్కరికి పేరు, ఊరు, ఎకరాలు, బస్తాలు, అన్నిటికీ కలిపి 80 గళ్ళు, గడికి ఒక అక్షరం. సెప్టెంబరు మూడో వారానికి అందరినీ ఎక్కించాను. లెడ్జర్లు ఎక్కడివక్కడికి తిప్పి పంపేశాను. అక్టోబరు 12, శుక్రవారానికి పట్టిక ఫ్లాపీలో పెద్దాఫీసుకు చేరాలి. చేరకపోతే ఆ పని కర్నూలులో ప్రైవేటు సెంటరుకు ఇస్తారని, అప్పుడు కంప్యూటరు పోస్టే ఉండదని మేనేజరు ముందే చెప్పాడు. మేనేజరును మేము పొదుపు సారు అనేవాళ్ళం. గుండుసూదులు లెక్కపెట్టి ఇచ్చే మనిషి. పెద్దాఫీసు పది ఫ్లాపీలు పంపితే తొమ్మిది బీరువాలో పెట్టి తాళం వేసి, ఒక్కటి నా చేతికిచ్చి, "ఇది పోతే ఇంకొకటి లేదనుకో" అన్నాడు.

సెప్టెంబరు 24న ఎక్కించబోతే పట్టదని చెప్పింది మిషను. లెక్క వేశాను. 4,800ను 80తో హెచ్చవేస్తే 3,84,000. ఫ్లాపీలో ఉన్నది 3,62,496. ఎక్కువైనది 21,504, అంటే సరిగ్గా 21 కిలోబైట్లు. ఒక్క అర కూడా అటూ ఇటూ లేదు. అంత అందంగా వచ్చిన ఇబ్బందిని చూసి దిగులు పడాలో ముచ్చట పడాలో తెలియలేదు. 21,504ను 4,800తో భాగించాను. రమారమి నాలుగున్నర. అంటే ఒక్కో రైతు దగ్గర నాలుగున్నర అక్షరాలు తీసుకోగలిగితే అందరూ ఒకే ఫ్లాపీలో పడతారు.

నా టేబులు నుంచి పొదుపు సారు టేబులుకు పదకొండు అడుగులు. పోయి, "సార్, ఒకటి చాలలేదు, ఇంకొకటి ఇవ్వండి" అంటే అయిపోయే పని. ఆ పదకొండు అడుగులు నేను వేయలేదు. తాత్కాలికం మనిషి అడగకూడదని నా నమ్మకం. దానికి బదులు 4,800 మంది దగ్గరికీ ఒక్కొక్కరి దగ్గరికీ పోయాను.

ఏ అక్షరాలు తీయాలి? ఊరు తీయడానికి లేదు, ఎకరాలు తీయడానికి లేదు. పేర్లు చూశాను. అహోబిలం పక్కనే ఉన్న ఊళ్ళు. ఇంటింటికీ ఓబులేసు, వీధి వీధికీ నరసింహులు. మా వైపు అన్నదమ్ములు ముగ్గురుంటే ముగ్గురికీ దేవుడి పేరే పెట్టి, పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని ముందు ఒక మాట తగిలిస్తారు. పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు. ఇంగ్లీషులో పెద్దకు అయిదక్షరాలు, నడిపికి ఆరు, చిన్నకు ఆరు. అవి పేర్లు కావు, పేరు ముందు అలంకారాలు అని తీర్మానించాను. (నేను కూడా ఆ వైపు దాన్నే. మా నాయనే ఒక నడిపోడు. ఆ సంగతి ఆ తొమ్మిది రోజులూ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.) అది చాలక వెంకటను వి చేశాను, లక్ష్మిని ఎల్ చేశాను. దసరాకు ఊరికి కూడా పోలేదు. వాచ్‌మన్ తాతను బతిమాలి తాళం తీయించి కూర్చున్నాను. తీసిన అక్షరాలన్నీ కాయితం మీద అయిదేసి గీతల కట్టలుగా గీసుకుంటూ వచ్చాను. అక్టోబరు 4, గురువారం, సాయంత్రం నాలుగింటికి మొత్తం 21,530 అయింది. కావలసిన దానికంటే 26 ఎక్కువ. కొసరు.

ఫైలు ఎంతుందో చూపమని మిషనును అడిగాను. 3,84,000 అంది.

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే. ఒక్క బైట్ తగ్గలేదు. చాలాసేపటికి గానీ నాకు వెలగలేదు. పేరుకు ముప్పై గళ్ళు అని నేనే మొదట కట్టాను. అందులో అక్షరం తీసేస్తే ఆ గడి పోదు, అక్కడ ఖాళీ కూర్చుంటుంది. ఖాళీ కూడా ఒక అక్షరమే. దానికీ ఎనిమిది దీపాలు, దానికీ ఒక బైట్. ఏమీ లేని చోటు కూడా నిండు చోటంత జాగా తీసుకుంటుంది. అక్కడ కూర్చుని ఏడ్చాను. ఆ గదిలోకి ఎవరూ రారు గనక ఏడవడానికి ఇబ్బంది లేకపోయింది.

మరుసటి రోజు పొద్దున ఆ పదకొండు అడుగులూ వేశాను. చెప్పింది విని పొదుపు సారు పెన్ను మూత పెట్టాడు.

"పేర్లు తీసేసినావా?"

"పేర్లు కాదు సార్. పెద్ద, చిన్న, నడిపి."

"నేను పొదుపు చేసేది ఫ్లాపీలమ్మా. మనుషులను కాదు." బీరువా వైపు చూసి, "ఇంకొకటి కావాలని అడగొచ్చు గదా" అన్నాడు.

"లేదనుకోమన్నారు సార్."

"అనుకోమన్నా. లేదన్లే."

పన్నెండో తేదీకి పట్టిక ఎట్లాగైనా పోవాల్సిందే, ఆ తరువాత ఆయన చేతిలో ఏమీ లేదు అన్నాడు. వి, ఎల్ అన్నవి తిరిగి వెంకట, లక్ష్మి చేసుకోవచ్చు. ఒకే ఊళ్ళో ఒకే పేరుగా కలిసిపోయినవి 412. అవన్నీ ఆళ్ళగడ్డ వైపువే. అక్కడి లెడ్జరు పట్టుకొని ఆళ్ళగడ్డలోని మా విత్తనాల డిపో గుమాస్తా కొలిమిగుండ్ల పోయినాడు, గురువారం గానీ రాడు. సోమవారం, మంగళవారం ఆ డిపోలో రైతులకు విత్తనాల చీటీలు ఇస్తారు. కాబట్టి రైతులనే అడగాలి.

అక్టోబరు 8, సోమవారం, ఉదయం డిపో అరుగు మీద చాప వేసుకొని, ముద్రించిన కాయితాలు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఎదురుగా వంద మందికి పైగా. మొదటి పేరు చదివాను. "ఓబులేసు."

పదకొండు మంది లేచారు.

"ఏ ఓబులేసమ్మా?" అన్నాడు ఒకాయన.

"మీరు చెప్పాల."

"కాయితం నీ తాన పెట్టుకొని మమ్మల్నడుగుతాండావేంది?"

"నాయన పేరు చెప్పండి."

"మా నాయన పేరూ ఓబులేసే."

జనం నవ్వారు. ఒక ముసలాయన ముందుకొచ్చి చాప అంచున కూర్చున్నాడు. "ఏం జరిగిందో అది చెప్పు పాపా" అన్నాడు. చెప్పాను. బైట్ అంటే ఏమిటో, ఫ్లాపీ అంటే ఏమిటో, నాలుగున్నర అక్షరాలు ఎందుకు కావాల్సి వచ్చాయో అంతా చెప్పాను. ఆ నాలుగు నెలల్లో నేను అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడింది అదే. అంతా విని ఆయన, "అంటే మా పేర్లు కోసినావు, సంచీ మాత్రం సన్నం కాలేదు" అన్నాడు. టై సారు రెండు రోజులు చెప్పిన పాఠం కంటే అది స్పష్టంగా ఉంది.

తరువాత పని వాళ్ళే చేశారు. "ఆ మూడెకరాలోడు పెద్దోడు, రాసుకో." "వాడు రాలే, ఎద్దుకు బాగలేదు. వాడు నడిపోడు." "నర్సింలూ, నువ్వు చిన్నోడివా నడిపోడివా?" "మా యమ్మను అడగాల." ఎవరో టీ తెచ్చి నా పక్కన పెట్టారు, అడగకుండానే. మధ్యాహ్నం ఒకే ఊరివాళ్ళు ముగ్గురు మూడు దిక్కుల నుంచి వచ్చి నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. నా కాయితంలో ముగ్గురూ ఒకటే ఓబులేసు, ఒకటే ఊరు, ఎకరాలు కూడా సమానం.

"మేం వేరు పడి తొమ్మిదేండ్లాయె," అన్నాడు అందులో పెద్దాయన. "మాటల్లేవు. మా నాయన సచ్చేదంకా కలపాలని చూసె, కాలే. నువ్వు యాడనో కూసోని కలిపేస్తివి."

"తప్పైందన్నా. మళ్ళా విడదీస్తా."

"బేగా విడదియ్. లేకుంటే ఇత్తనాలు కూడా వీడే ఎత్తుకపోతాడు," అన్నాడు మూడో ఆయన, పెద్దాయన వైపు వేలు చూపి. నడిపాయన ముందుగా నవ్వాడు. తరువాత మిగతా ఇద్దరూ, చెరో పక్కకు తిరిగి.

ఆ సాయంత్రం అన్న ఇంటికి పోయాను. వదిన చెంబుతో నీళ్ళు ఇస్తూ, "మళ్ళా ఎప్పుడు పోతావు?" అంది. నేను గడప దాటి మూడు నిమిషాలైంది. రేపు పోతానన్నాను. నడవాలో ఇప్పుడు బియ్యం డ్రమ్ములున్నాయి. ఎంత బాగా సర్దారో, ఒక్క అడుగు దారి కూడా తగ్గలేదు.

మంగళవారం సాయంత్రానికి 412 పేర్లూ తేలాయి. బుధ, గురువారాలు కూర్చుని సరిచేశాను. పొదుపు సారు బీరువా తెరిచి రెండో ఫ్లాపీ తీసి, రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు. కారణం అన్న గడిలో "ఒకటి చాలలేదు" అని రాశాను. లెక్క ప్రకారం మొదటి దాంట్లో 4,531 మంది పడతారు. అక్కడ తెంచితే ఆ ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దాయనా నడిపాయనా మొదటి ఫ్లాపీలోకి, మూడో ఆయన రెండో దాంట్లోకి పోతారు. నేను 4,529 దగ్గర తెంచాను. మొదటి ఫ్లాపీలో 160 బైట్లు ఊరికే వదిలేశాను. జీవితంలో తెలిసి తెలిసి చేసిన వృథా అదొక్కటే. శుక్రవారం పట్టిక పెద్దాఫీసు చేరింది. డిసెంబరు 17, సోమవారం, నా ఉద్యోగం ఖాయమైంది. అదే గదిలో ఇంకో ఎనిమిదేళ్ళున్నాను. తరువాత నంద్యాలలోనే ఒక చిన్న ఇల్లు కొన్నాను. రిటైరై ఇప్పుడు అందులో ఒక్కదాన్నే ఉంటున్నాను.

అప్పటి ఆ పిల్ల, అంటే నేనే, గుర్తొస్తే మందలించాలనిపిస్తుంది. పదకొండు అడుగులు తప్పించుకోవడానికి తొమ్మిది రోజులు గీతలు గీస్తారా అని. కానీ పోయిన నెల మా వంటింట్లో బల్బు పోయింది. స్టూలు ఎక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోవు. పక్కింట్లో ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయి ఉంటుంది, మంచిది, అడిగితే వస్తుంది. నేను లెక్క వేశాను. ఆరున్నరకు చీకటి పడుతుంది, వంటకు నలభై నిమిషాలు, గిన్నెలకు పదిహేను, కాబట్టి అయిదూ ముప్పై అయిదుకు పొయ్యి వెలిగిస్తే బల్బుతో పనే లేదు. నాలుగు రోజులు పొద్దుండగానే తిని కూర్చున్నాను. అయిదో రోజు పప్పు ఉడకలేదు. ఆరున్నర అయింది, ఏడైంది. పోయి పక్కింటి తలుపు కొట్టాను. ఆ అమ్మాయి రెండు నిమిషాల్లో బల్బు బిగించి దిగి, పప్పులో గరిటె పెట్టి చూసి, ఇంకా కాసేపు పడుతుందని పీట లాక్కొని కూర్చుంది.

"ఇంత పనికి నాలుగు దినాలు చీకట్లో ఉంటివా పెద్దమ్మా?"

"చీకట్లో లేనమ్మా. లెక్క ప్రకారం ఉన్నా."

ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.